సెలవులో వచ్చే జబ్బుకు సెలవును తప్పుపట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పండక్కి ఇంటికొచ్చి మంచమెక్కేవాళ్ల గురించి ఆమధ్య మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోవడం నావల్ల కాక రాస్తున్నాను. నీళ్లు మారడం, అరిసెలూ జంతికలూ ఎక్కువ తినడం, పొద్దెక్కేదాకా పడుకోవడం... వ్యాసకర్తకు కనిపించిన కారణాలు ఇవే. చివర్లో గోరువెచ్చని నీళ్లు తాగమని సలహా. ఆ మనిషి సెలవు దొరికేదాకా ఎలా పనిచేశాడన్న మాట మాత్రం ఒక్కటీ లేదు.

స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టులు మారుతూ బతికినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆర్డరు హడావుడిలో ఎవరికీ ఏమీ కాదు. వీక్లీ ఆఫ్ నాడు పొద్దున్నే ఒళ్లు నొప్పులు, తలపోటు, సాయంత్రానికి జ్వరం. మర్నాడు మళ్లీ డ్యూటీ. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లోనే దీని మీద అధ్యయనం ప్రచురించారు. వాళ్లు అడిగినవారిలో నూటికి ముగ్గురు తమకు సెలవుల్లోనే జబ్బు చేస్తోందన్నారు. వారిలో ఎక్కువమంది పనిభారం మోసేవాళ్లు, ఇంటికొచ్చినా పనిని మనసులోంచి దించుకోలేనివాళ్లు. తిండి మీద అదుపు లేనివాళ్లని ఎవరూ అనలేదు.

ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. నొప్పి, వాపు, నీరసం కొంతకాలం అణిగి ఉంటాయి. పని ఆగగానే అణిగినదంతా పైకి వస్తుందన్నది డాక్టర్లు చెప్పే కారణాల్లో ఒకటి. ఒత్తిడి నెలల తరబడి సాగితే రోగనిరోధక శక్తే తగ్గుతుంది. 1991లో అచ్చయిన ఒక ప్రయోగంలో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఒత్తిడి ఎంత ఎక్కువుంటే జలుబు పట్టే అవకాశం అంత పెరిగింది. మామూలు జలుబు బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సెలవు మొదటిరోజే ముక్కు కారుతోందంటే, ఆ జలుబు పనిచేసే చోటో బస్సులోనో అంటుకున్నదే గానీ అత్తారింట్లో అంటుకున్నది కాదు.

మా అమ్మాయి పెళ్లికి పెట్టుకున్న సెలవులో మొదటి రోజుల్లోనే నాకు టైఫాయిడ్ బయటపడింది. క్రిమి లోపల చేరాక జ్వరం తేలడానికి వారం, రెండు వారాలు పడుతుందని డాక్టరుగారు అన్నారు. అంటే డ్యూటీలో ఉండగానే చేరిందన్నమాట. ఆ రోజులు సిక్ లీవులో రాయమని, హాజరు రాసే టైమ్ ఆఫీసులో అడిగితే, మంజూరైన సెలవు మార్చడం కుదరదన్నారు. పెళ్లిపనులన్నీ మా బావమరిది చూసుకున్నాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అసలు జబ్బును సెలవు దాకా ఈడ్చుకొచ్చేది మన నిబంధనలే. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. మంచిదే. కానీ మొదటి రెండు రోజులకు మాత్రం ఏమీ రాదు, పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బు చేస్తే తప్ప. మంగళవారం జ్వరం తగిలినవాడు రెండు రోజుల కూలి పోగొట్టుకోలేక మాత్ర వేసుకుని మిషను దగ్గరికే వెళతాడు. ఆఫ్ రోజు దాకా ఓర్చి అప్పుడు పడిపోతాడు. చూసేవాళ్లకు సెలవు వచ్చింది కాబట్టి జబ్బు వచ్చినట్టుంటుంది. ఈఎస్‌ఐ వేతన పరిమితి 21,000 రూపాయలు దాటినవాళ్లకు ఆ ఆసరా కూడా లేదు.

పోనీ పని తగ్గుతోందా అంటే అదీ లేదు. వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయాలని పెద్ద కంపెనీల పెద్దలు వేదికలెక్కి చెబుతున్నారు. 2025లో తెలంగాణలో వాణిజ్య సంస్థలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు రోజు పని పరిమితి 10 గంటలైంది. వారం మొత్తం మీద 48 గంటలు దాటకూడదంటున్నారు. ఆ లెక్క ఎవరు చూస్తారు? తనిఖీకి వచ్చే అధికారికి టీ ఇచ్చి ఆఫీసు గదిలోంచే పంపేసిన రోజులు నేను కళ్లారా చూశాను. ఇరవై రోజుల పనికి ఒక రోజు సెలవు 1948 నాటి చట్టం ఇచ్చిన హక్కు. అదీ మంచం మీదే గడిచిపోతే కార్మికుడికి మిగిలిందేమిటి?

యూరప్‌లో దీనికి దారి చూపారు. వార్షిక సెలవు మధ్యలో జబ్బు చేస్తే ఆ రోజులను తర్వాత వాడుకునే హక్కు ఉద్యోగికి ఉందని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012 జూన్‌లో తీర్పిచ్చింది. డాక్టరు సర్టిఫికెట్ చూపితే సెలవును సిక్‌గా మార్చే నిబంధన మన మిల్లులకూ, దుకాణాలకూ, సాఫ్ట్‌వేర్ ఆఫీసులకూ ఒకేలా ఉండాలి. ఆ మొదటి రెండు రోజుల కోతా పోవాలి. కార్మిక శాఖ మంత్రులు దీనికి జవాబు చెప్పాలి.

మీ వ్యాసకర్తను ఒక్కటే కోరుతున్నాను. ఈసారి రాసేముందు షిఫ్టు వదిలే వేళకు ఏదైనా మిల్లు గేటు దగ్గర నిలబడండి. బయటికొచ్చేవాళ్లను కిందటిసారి జ్వరం ఎప్పుడొచ్చిందో, ఆ రోజుకు ఏ సెలవు రాయించుకున్నారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు కార్మికుడు,
చిలకలూరిపేట