రేడియేటర్‌ను దాచేముందు గాలి దారి చూడండి

సంపాదకులు గారికి,

విదేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్ల ఫొటోలతో మీ ఆదివారం అనుబంధంలో వచ్చే గృహాలంకరణ పేజీలను బ్రిటన్‌లో ఉన్న మేమూ చూస్తుంటాం. గదిని వేడిచేయడానికి గోడకు బిగించిన రేడియేటర్‌ను చెక్కపెట్టెలో మూసేసి, పైన దేవుడి పటాలో పూలకుండీలో పేర్చిన ఫొటోలు వాటిలో తరచూ కనిపిస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ పెట్టెను ఎలా కట్టాలో, ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో ఒక్క ముక్క ఉండదు. ఫొటో చూసి అలాగే కట్టించుకున్నవాళ్ల గది జనవరిలో వేడెక్కదు. అప్పుడు నీళ్లు కాచే బాయిలర్ వేడి పెంచుతారు, గంటలు పెంచుతారు, గ్యాస్ బిల్లూ పెరుగుతుంది. ఇళ్లలో హీటింగ్ పనులు చేసేవాడిగా ఆ పేజీల్లో రాని సంగతులు రాస్తున్నాను.

ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా ఉండేవి స్టీలు రేకు పలకల రేడియేటర్లు. బాయిలర్‌లో కాగిన నీళ్లు పంపుతో గొట్టాల్లోంచి వాటిలోకి వచ్చి, చల్లబడి వెనక్కి పోతాయి. టైప్ 11 అంటే ఒక పలక, దాని వెనక ఒక వరస మడత రేకులు. టైప్ 22 అంటే రెండు పలకలు, వాటి మధ్య రెండు వరసల రేకులు. 600 మి.మీ. ఎత్తు, 1000 మి.మీ. పొడవున్న టైప్ 11 సుమారు 1000 వాట్ల వేడినిస్తే, అదే సైజు టైప్ 22 సుమారు 1700 వాట్లు ఇస్తుంది. ఈ తేడా రెండో పలక, అదనపు మడత రేకుల వల్లే. చల్లగాలి కిందనుంచి వాటి మధ్యకు దూరి, వేడెక్కి, పైనుంచి గదిలోకి వస్తుంది. టైప్ 22లో వేడి చాలావరకు ఇలా గాలితోనే వస్తుంది, ముందు పలక నుంచి నేరుగా తగిలేది తక్కువ. కాబట్టి కింద గాలి లోపలికి పోయే దారి గానీ, పైన బయటికి వచ్చే దారి గానీ మూస్తే రెండు పలకలకు పెట్టిన డబ్బు వృథా.

కొనేటప్పుడు కేటలాగ్‌లో వాట్ల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆ అంకె లెక్కకట్టేది నీళ్లు 75 డిగ్రీలతో లోపలికి వచ్చి 65 డిగ్రీలతో బయటికి పోతూ, గది 20 డిగ్రీల్లో ఉన్నప్పుడు. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న భవన నిబంధనల ప్రకారం హీటింగ్ కొత్తగా వేసినా, పూర్తిగా మార్చినా నీళ్లు 55 డిగ్రీలు మించకుండానే ఇల్లు వేడెక్కేలా రేడియేటర్లను ఎంచుకోవాలి. పొగలో పోయే వేడిని కూడా వాడుకునే కండెన్సింగ్ బాయిలర్ పొదుపుగా నడవాలన్నా, రేపు బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్ పెట్టుకోవాలన్నా నీళ్ల వేడి తక్కువగానే ఉండాలి. 55తో వెళ్లి 45తో తిరిగొచ్చే నీళ్లతో అదే రేడియేటర్ ఇచ్చేది కేటలాగ్ అంకెలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. 1700 వాట్లది 875 అయిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కింది అంతస్తులో 4 మీటర్లు, 3.5 మీటర్ల గది, ఎత్తు 2.4. పొడవు వైపు గోడ ఒక్కటే బయటికి ఉంది. రెండు ఇటుక వరసల మధ్య ఖాళీ వదిలి, అందులో వేడిని ఆపే ఇన్సులేషన్ నింపని గోడ అది. దానికి 2 చదరపు మీటర్ల పాత డబుల్ గ్లేజింగ్ (రెండు అద్దాల) కిటికీ. బయట మైనస్ 3, లోపల 21 కావాలి. గోడలోంచి దాదాపు 275 వాట్లు, కిటికీలోంచి 135, నేలలోంచి 235 పోతాయి. సందుల్లోంచి వచ్చిపోయే గాలితో మరో 400. మొత్తం 1050కి అటూఇటూ. 1000 మి.మీ. టైప్ 22 కేటలాగ్‌లో 1700 వాట్లు అని కనిపించినా తక్కువ వేడి నీళ్లతో ఈ గదికి చాలదు. 1400 మి.మీ. పొడవుది కావాలి. గది వైశాల్యాన్ని ఏదో అంకెతో గుణించి చెప్పే దుకాణం లెక్క ఈ గోడనూ చూడదు, ఈ కిటికీనీ చూడదు.

పాతది తీసి కొత్తది పెట్టేవాళ్లు రేడియేటర్ పొడవు కాదు, నేలలోంచి లేచిన రెండు గొట్టాల నడిమధ్యల దూరం కొలవాలి. గొట్టాన్ని రేడియేటర్‌కు కలిపే ఒక్కో వాల్వ్ పక్కకు 45 నుంచి 50 మి.మీ. తీసుకుంటుంది. 1000 మి.మీ. రేడియేటర్ ఉన్నచోట గొట్టాల మధ్య సుమారు 1100 ఉంటుంది. పొడవు మారితే నేలపలకలు లేపి గొట్టాలు జరపాలి. పొడవు అలాగే ఉంచి టైప్ 11 స్థానంలో టైప్ 22 పెట్టుకుంటే ఆ పని తప్పుతుంది, గోడ నుంచి ముందుకు మాత్రం ఇంకో 40, 50 మి.మీ. వస్తుంది. నీళ్లతో కలిపి 35 నుంచి 40 కిలోల బరువు కాబట్టి జిప్సం బోర్డు గోడ అయితే బ్రాకెట్ల స్క్రూలు లోపలి చెక్క నిలువులకే పట్టాలి. బోర్డుకే బిగిస్తే పట్టు ఊడుతుంది. వాల్వ్ దగ్గర గొట్టం మీద బరువు పడి నీరు కారడం మొదలవుతుంది.

ఇక ఎక్కడ పెట్టాలి? కిటికీ కింద పెట్టే ఆనవాయితీ ఒంటి అద్దం కిటికీల కాలం నాటిది. చల్లటి అద్దానికి తగిలిన గాలి బరువెక్కి కిందికి జారి కాళ్లకు చల్లగా తగులుతుంది. కింద రేడియేటర్ ఉంటే పైకి లేచే వేడిగాలి దాన్ని అడ్డుకుంటుంది. కిటికీలు పాతవైతే ఇప్పటికీ అదే సరైన చోటు, అదీ కిటికీ వెడల్పంత పొడవుగా, ఎత్తు తక్కువగా ఉన్నది పెట్టాలి. మంచి డబుల్ గ్లేజింగ్ ఉంటే లోపలి గోడకు పెట్టినా నష్టం లేదు. దాచడం అన్న సమస్య సగం ఇక్కడే తీరిపోతుంది. తలుపు వెనక మిగిలిన గోడో, సోఫా ఎప్పటికీ రాని మూలో చూసి 1800 మి.మీ. నిలువు రేడియేటర్ పెట్టుకుంటే పెట్టె అవసరమే రాదు. ఎక్కడ పెట్టినా నేల నుంచి కనీసం 100, వీలైతే 150 మి.మీ., పైన అరకో కిటికీ గట్టో ఉంటే దానికి కింద 100 మి.మీ. ఖాళీ వదలాలి. సోఫాను కనీసం జానెడు దూరం జరపాలి.

కర్టెన్ల సంగతి చాలామంది పట్టించుకోరు. నేలదాకా వేలాడే కర్టెన్ రాత్రి మూయగానే రేడియేటర్ కర్టెన్ వెనక్కి పోతుంది, వేడంతా అద్దానికే ఖర్చవుతుంది. కర్టెన్ కిటికీ గట్టు మీద ఆగాలి. గట్టు రేడియేటర్ కన్నా కాస్త ముందుకు వస్తే పైకి లేచిన గాలి గదిలోకి మళ్లుతుంది.

అయినా దాచాలనే అనుకుంటే పెట్టె ఇలా ఉండాలి. అడుగున ముందువైపు మొత్తం పొడవునా కనీసం 100 మి.మీ. తెరిచి ఉండాలి. పైపలకలో రేడియేటర్ మందమంత వెడల్పున, పొడవంతా జాలీ ఉండాలి. పైన పలక మూసే ఉంచాలనుకుంటే ముందు ముఖంలో పై అంచుకు ఆనుకుని అంతే జాగా తెరవాలి, లోపల గాలిని ముందుకు తిప్పే వాలు రేకు పెట్టాలి. ముందు జాలీలో సగానికి పైగా రంధ్రాలే ఉండాలి. అక్కడక్కడా పువ్వులు చెక్కిన పలక జాలీ కిందికి రాదు. రేడియేటర్ ముందు 40, 50 మి.మీ. ఖాళీ ఉండాలి. పెట్టెను గోడకు స్క్రూలతో బిగించవద్దు. గోడకు చెక్క బద్ద కొట్టి కొక్కేలతో తగిలిస్తే అవసరమైనప్పుడు ఎత్తి పక్కన పెట్టొచ్చు. గట్టిచెక్క ఎండి పగులుతుంది, చెక్కపొడిని అదిమి చేసే 18 మి.మీ. ఎండీఎఫ్ పలక నయం, చిల్లుల స్టీలు రేకు ఇంకా నయం.

ఈ కొలతలన్నీ పాటించినా వాల్వ్ దగ్గర తప్పు చేస్తే గది చల్లగానే ఉంటుంది. రేడియేటర్ పక్కన 1 నుంచి 5 దాకా అంకెలున్న థర్మోస్టాట్ వాల్వ్ తలలో మైనమో ద్రవమో ఉంటుంది. చుట్టూ గాలి వేడెక్కితే అది ఉబ్బి పిన్నును నొక్కి నీళ్లు ఆపేస్తుంది. 3 మీద పెడితే దాదాపు 20 డిగ్రీల దగ్గర ఆగాలి. పెట్టెలో ఇరుక్కున్న వాల్వ్‌కు మాత్రం పెట్టెలోని గాలే గది. ఆ గాలి 20 దాటగానే వాల్వ్ మూసుకుంటుంది, బయట మనుషులు 16 డిగ్రీల్లో కూర్చుంటారు. వాల్వ్ తల పెట్టె బయటికి వచ్చేలా పక్కన కోయాలి, లేదా సన్నటి గొట్టంతో సెన్సర్‌ను బయట గోడకు పెట్టే రకం వాల్వ్ తల కొనాలి. పొడుగు కర్టెన్ వెనక వాల్వ్‌కూ ఇదే గతి.

పెట్టె పైన దేవుడి పటాలు పెట్టడం గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ లేచేది పొడి వేడిగాలి. పటాల వెనక అట్ట వంకరపోతుంది, ఫ్రేము జిగురు విడుతుంది, కర్పూరం బిళ్లలు ఆవిరైపోతాయి. పైగా కర్టెన్ పక్కన, ఎండిపోయిన చెక్క మీద దీపం వెలిగించడం ప్రమాదం. దేవుడి గూటికి వేరే గోడ చూడండి. దోసెలపిండి గిన్నెను కూడా నేరుగా రేడియేటర్ మీద పెట్టకండి, అడుగున పిండి ఉడికిపోయి పులవదు. పక్కన స్టూల్ మీద పెడితే చక్కగా పొంగుతుంది.

రంగు గురించి భయం అక్కర్లేదు. తెలుపు, నలుపు, గోడ రంగు ఏదైనా వేడిలో తేడా నామమాత్రం. దాచడానికి అన్నిటికన్నా చౌకైన పద్ధతి కూడా అదే: చల్లారాక గరుకు కాగితంతో రుద్ది, రేడియేటర్ పెయింట్‌తో గోడ రంగే వేయించండి. వెండి, బంగారు రంగుల లోహపు పెయింట్లు మాత్రం వేడిని తగ్గిస్తాయి. బాత్‌రూమ్‌లో క్రోమ్ పూత తువ్వాళ్ల రాక్ అదే సైజు తెల్లదాని కన్నా తక్కువ వేడినిస్తుంది. రేడియేటర్ వెనక గోడకు అతికించే మెరిసే రేకు కాగితం ఇన్సులేషన్ లేని బయటి గోడకే పనికొస్తుంది, లోపలి గోడకు దండగ.

అద్దె ఇళ్లలో ఉండే మన విద్యార్థులు పెట్టెలు కట్టరు గానీ, తడి బట్టలతో రేడియేటర్‌ను అంతకన్నా బాగా మూస్తారు. మిషన్‌లోంచి తీసిన ఒక వాయి బట్టల్లో దాదాపు 2 లీటర్ల నీరుంటుంది. అదంతా గది గాలిలోకి చేరి, అన్నిటికన్నా చల్లగా ఉన్న మూల గోడకు పట్టి, నల్ల బూజవుతుంది. బట్టలు స్టాండ్ మీద బాత్‌రూమ్‌లో ఆరేసి, తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.

రేడియేటర్ పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, చల్లారాక, పై మూలనున్న చిన్న చదరపు పిన్నును రేడియేటర్ తాళంచెవితో ఎడమకు అరచుట్టు తిప్పాలి. సుయ్‌మని గాలి పోయి నీళ్లు రాగానే బిగించాలి. కింద గుడ్డ పట్టడం మరవొద్దు, ఆ నీళ్లు సిరాలా నల్లగా ఉండి కార్పెట్ మీద పడితే ఆ మరక పోదు. తర్వాత బాయిలర్ మీద ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో చూసుకోవాలి. పైన వేడిగా, కింద నడిమధ్యలో చల్లగా ఉంటే తుప్పు బురద పేరుకున్నట్టు. అది గాలి తీస్తే పోదు, కడిగించాలి. గ్యాస్ బాయిలర్ లోపలి పని మాత్రం గ్యాస్ సేఫ్ అనే అధికారిక జాబితాలో నమోదు ఉన్నవాళ్లే చేయాలి. అద్దెకున్నవాళ్లు ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి.

మళ్లీ అలాంటి ఫొటో వేసేటప్పుడు దాని కింద అడుగున 100, ముందు 40, పైన రేడియేటర్ మందమంత ఖాళీ, వాల్వ్ బయటికి అన్న నాలుగు కొలతలైనా అచ్చు వేయమని మనవి. అక్టోబరులో, ఇక్కడ హీటింగ్ వేసుకోవడం మొదలుపెట్టే ముందు వేస్తే ఎక్కువమందికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక హీటింగ్ ఇంజనీర్,
లెస్టర్, ఇంగ్లండ్