వారంటీ డబ్బు వెనక్కిస్తామంటే సరిపెట్టుకోవద్దు

సంపాదకులకు,

కారు డెలివరీ రోజున ఎక్స్‌టెండెడ్ వారంటీ (కంపెనీ వారంటీ ముగిశాక కొనసాగే అదనపు వారంటీ) పేరుతో షోరూంలు వేలకు వేలు కట్టించుకుంటున్నాయి. నాలుగేళ్ల తర్వాత గేర్‌బాక్సో, ఏసీ కంప్రెసరో పోయి వర్క్‌షాపుకు వెళితే "మీ బండికి సిస్టంలో వారంటీ చూపించట్లేదండీ" అంటున్నారు. గట్టిగా అడిగితే కట్టిన సొమ్ము వెనక్కిస్తామంటారు. చాలామంది అదే చాలనుకుంటున్నారు. కానీ వారంటీ సరిగా ఉంటే చేతి నుంచి పైసా పడని రిపేరు ఖర్చు కూడా డీలర్ వల్ల కలిగిన నష్టమే. దాన్ని వదులుకోనక్కర్లేదు.

ముందు ఆ వారంటీ ఎందుకు చెల్లలేదో తేల్చుకోవాలి. డబ్బు తీసుకుని నమోదు చేయకపోవడం, 17 అక్షరాల ఛాసిస్ నంబరును తప్పుగా ఎక్కించడం, కంపెనీ పెట్టిన గడువో కిలోమీటర్లో దాటాక అమ్మడం, తయారీ సంస్థ వారంటీ అని చెప్పి ఇంకెవరి ప్లానో అంటగట్టడం, ట్యాక్సీగా తిరిగే బండికి సొంత వాడకం ప్లాను ఇవ్వడం... ఇవీ మామూలుగా జరిగేవి. తయారీ సంస్థ కస్టమర్ కేర్‌కు ఛాసిస్ నంబరుతో ఈమెయిల్ పెట్టి, వారంటీ నమోదైందో లేదో రాతపూర్వకంగా చెప్పమనండి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు.

ఆధారాలు పోయేది ఎక్కువగా వర్క్‌షాపులోనే. వారంటీ క్లెయిమ్ తిరస్కరించారని, కారణం ఫలానా అని జాబ్ కార్డు (వర్క్‌షాపులో బండి పని వివరాలు రాసే కాగితం) మీద రాయించుకోండి. వాళ్లు రాయబోమంటే అదే విషయం అక్కడి నుంచే ఈమెయిల్ చేయండి. బండి అత్యవసరమై రిపేరు చేయించక తప్పకపోతే, అభ్యంతరం తెలుపుతూ కడుతున్నామని రాసి కట్టండి. ఎస్టిమేటు, జీఎస్టీ బిల్లు దాచండి, తీసేసిన పాత పార్టు అడిగి తెచ్చుకోండి. "పూర్తి సంతృప్తి" అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. సేల్స్ వాళ్ల వాట్సాప్ చాట్ ఉంటే ఫోన్ మార్చినా చెరిగిపోకుండా చూసుకోండి. ప్రింటవుట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ ఎలక్ట్రానిక్ ఆధారం అసలైనదేనని తెలిపే సర్టిఫికెట్ జతచేయాలి. చాలా ఫిర్యాదుల్లో ఇదే మరిచిపోతున్నారు.

తర్వాత డీలర్‌కూ, తయారీ సంస్థకూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. అయితే దాని జవాబు కోసం ఎదురుచూస్తూ కాలం గడిపేయకూడదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అమ్మిన రోజు నుంచే లెక్క అని డీలర్ వాదిస్తాడు. మోసం బయటపడిన తేదీ, క్లెయిమ్ తిరస్కరించిన తేదీ ఫిర్యాదులో స్పష్టంగా రాసి, ఆలస్యం మాఫీ దరఖాస్తు కూడా జతచేస్తే మంచిది.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. రశీదు మీద వేరే నగరం కోర్టులకే అధికారమని అచ్చేసినా సెక్షన్ 34 ఆ హక్కు ఇస్తోంది. వివాదాన్ని మధ్యవర్తే తేల్చాలన్న ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా అడ్డం కాదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వారంటీ సొమ్ము, రిపేరు ఖర్చు, వడ్డీ, పరిహారం, ఖర్చులు విడివిడిగా అడగండి. సొంత బతుకుతెరువుకు ట్యాక్సీ నడుపుకునేవారు కూడా ఈ చట్టం కింద వినియోగదారులే.

తయారీ సంస్థ "డీలర్ వేరు, మేం వేరు" అంటుంది. డీలర్ తప్పులో తయారీదారు పాత్ర ఉన్నట్టు ఆరోపణ, ఆధారం లేకుండా తయారీదారుపై బాధ్యత మోపలేమని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వాళ్ల లోగోతో ఉన్న సర్టిఫికెట్, బ్రోచరు, వాళ్ల నుంచి వచ్చిన మెసేజ్ ఏదున్నా జతచేసి, వాళ్ల పాత్ర ఏమిటో ఫిర్యాదులో విడిగా రాయాలి. పేరు చేర్చినంత మాత్రాన సరిపోదు.

కమిషన్ నోటీసు అందాక ఎదుటివారు 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటాక తీసుకునే వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, కాబట్టి తేదీలు గుర్తుంచుకోండి. సర్వీసులు సమయానికి చేయించలేదన్న సాకు తరచూ వినిపిస్తుంది. అసలు నమోదే చేయని వారంటీకి సర్వీసు షరతు ఎలా వర్తిస్తుందని అడగాలి.

సర్టిఫికెట్టే నకిలీ అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు పెట్టొచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, ఆపై మేజిస్ట్రేటుకు వెళ్లొచ్చు. అయితే ఆ కేసుతోనే డబ్బు చేతికొస్తుందని అనుకోవద్దు, కమిషన్‌లో ఫిర్యాదు కూడా ఉండాలి. కమిషన్ ఆదేశాన్ని డీలర్ అమలు చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా కనీసం 25 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వారంటీ నమోదు కాగానే ఛాసిస్ నంబరు, గడువు, కిలోమీటర్ల పరిమితితో సర్టిఫికెట్ తయారీ సంస్థ నుంచే నేరుగా కొనుగోలుదారు ఫోన్‌కు వెళ్లాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దీన్ని తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలు ఇవ్వాలని కోరుతున్నాం.

— వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదులు