ట్రిమ్ సర్వో కొరియర్ చేసే ముందు ఒక్కసారి ఇది చదవండి

నమస్కారం అండి. సొంతంగా విమానం కట్టుకుంటున్న, కట్టుకుని ఎగురుతున్న మా కస్టమర్లందరికీ రాస్తున్నాను. భీమవరంలో మా షాపు మొదలైంది రొయ్యల చెరువుల ఏరేటర్ ప్యానెళ్లతో. ఇప్పటికీ ఇల్లు గడిచేది వాటి మీదే. తేలికపాటి విమానాలకు ట్రిమ్ (పైలట్ స్టిక్‌ను అదేపనిగా బిగించి పట్టుకోకుండా విమానం ముక్కును నిలిపి ఉంచే ఏర్పాటు) వైరింగ్, రిలే బోర్డులు (బటన్ నొక్కితే మోటారుకు కరెంటు అందించే స్విచ్చుల బోర్డులు) చేసిపెట్టడం తర్వాత వచ్చిన పని. ఆదాయంలో చిన్న భాగమే అయినా మనసు పెట్టి చేసే పని అది. అందులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాం. ఎందుకో మీకు తెలియాలి.

ముందుగా అసలు విషయం. ఇకపై ఫోన్లో మాట్లాడుకోకుండా పంపిన సర్వో (ట్రిమ్‌ను కదిలించే చిన్న మోటారు) పార్సిల్ తీసుకోము. "ట్రిమ్ పనిచేయట్లేదు, సర్వో పోయినట్టుంది" అని రాసి పంపిస్తున్నారు. తీరా బెంచి మీద పెడితే చాలావరకు చక్కగా తిరుగుతున్నాయి. మేము చేయడానికి ఏమీ ఉండదు. మీకు మాత్రం రానూ పోనూ కొరియర్ ఖర్చు, కస్టమ్స్, అన్నాళ్లూ హ్యాంగర్లో ఆగిపోయిన విమానం. చేయని రిపేరుకు డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. తీసుకోకపోతే కుర్రాళ్ల జీతాలకు ఇబ్బంది. కాబట్టి సర్వో విప్పే ముందే లోపం ఎక్కడుందో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.

ఈ మధ్య జరిగింది చెబుతాను. మన తణుకు కస్టమర్ ఒకాయన, డాలస్ దగ్గర ఆర్‌వీ-7 (కిట్ తెచ్చి సొంతంగా కట్టుకునే చిన్న విమానం) కట్టుకున్నారు. ముక్కు కిందికి ట్రిమ్ అవుతోంది, పైకి అవ్వట్లేదు. ఒక వైపు తిరగట్లేదంటే లోపల లిమిట్ స్విచ్ పోయి ఉంటుందని ఆయన అనుమానం. అనుమానం సబబే. చివరి దాకా వెళ్లాక మోటారును ఆపేది ఆ స్విచ్చే, అది పాడైతే ఒక వైపు కదలిక ఆగిపోతుంది. అయితే అదే లక్షణం బయటి లోపం వల్ల కూడా వస్తుంది. రెండిటినీ విడదీయడానికి సర్వో విప్పక్కర్లేదు. కనెక్టర్ దగ్గర మోటారు వైర్లు రెండిటినీ అటూ ఇటూ మార్చి బిగించమన్నాను. మీలో చాలామంది వాడే రే ఆలెన్ కంపెనీ సర్వోలో అవి తెల్ల వైర్లు. మార్చాక కూడా పాత బటనే చచ్చి ఉంటే లోపం బయట ఉన్నట్టు. ఇంతకుముందు పనిచేసిన బటన్ ఆగిపోయి, చచ్చిన బటన్‌కు ప్రాణం వస్తే లోపం సర్వోలోనే. ఆయన మార్చి చూశారు. పాత బటనే చచ్చి ఉంది.

ఇక మిగిలింది రిలే బోర్డు. ఇక్కడే చాలామంది తప్పు రిలేని మార్చేస్తారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఏ బటనూ నొక్కనప్పుడు మోటారు వైర్లు రెండూ గ్రౌండ్ మీదే ఉంటాయి. 'పైకి' నొక్కితే మొదటి రిలే లేచి ఒక వైరుకు 12 వోల్టులు ఇస్తుంది. కరెంటు తిరిగి వెళ్లే దారి మాత్రం రెండో రిలేలో, కదలకుండా కూర్చున్న కాంటాక్ట్ గుండా. అంటే 'పైకి' పనిచేయకపోతే, 'పైకి' రిలే టక్కుమని శబ్దం చేస్తూనే ఉన్నా, లోపం 'కిందికి' రిలేలో ఉండొచ్చు. ఆయన పంపిన ఫోటోలో సరిగ్గా అదే కనిపించింది. రెండో రిలే పారదర్శకమైన మూత లోపల, గ్రౌండ్ వైపు కాంటాక్ట్ మొన మీద ఆవగింజంత నల్ల మచ్చ. రిలే ఒక్కటి మార్చారు, అయిపోయింది.

ఈ పరీక్ష చేసినవాళ్లు ఒక్క మాట మర్చిపోవద్దు. వైర్లు తిరిగి యథాస్థానంలో పెట్టాలి. పెట్టాక ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుని 'ముక్కు పైకి' నొక్కాలి, ఇంకొకరు తోక దగ్గర నిలబడి చూడాలి. ఎలివేటర్‌కు (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) మామూలు టాబ్ (దాని వెనక అంచున ఉండే చిన్న పలక) ఉన్న విమానంలో టాబ్ వెనక అంచు కిందికి రావాలి, అప్పుడే గాలి ఎలివేటర్‌ను పైకి నెడుతుంది. పైకి లేస్తే ట్రిమ్ తిరగబడినట్టే, ఆ విమానం కదలకూడదు. తోక దగ్గర నిలబడే మనిషికి ఈ సంగతి ముందే చెప్పండి. టాబ్ పైకి లేవడం చూసి 'పైకే కదా, సరే' అనేసేవాళ్లు ఉంటారు.

అసలు ఏ వైపూ తిరగకపోతే ఇంకా తేలిక. సర్వో కనెక్టర్ ఊడదీసి, మోటారు వైర్లకు 9 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలించండి. తిరిగిందంటే సర్వో బతికే ఉంది. అప్పుడు టాబ్‌కు వెళ్లే రాడ్డు, టాబ్ కీలు బిగుసుకున్నాయేమో చూడాలి. రాడ్డు విప్పితే స్వేచ్ఛగా, తగిలిస్తే మూలుగుతూ తిరిగితే కీలు సంగతి చూడండి. తిరిగి బిగించేటప్పుడు టాబ్‌లో లూజు ఉండకూడదు. వదులుగా ఉన్న టాబ్ వేగంలో ఫ్లట్టర్ (అదుపు తప్పి పెరిగే అదురు) తెస్తుంది, తోకనే విరగ్గొట్టగలదు.

సర్వో బాగుంది, కీలు బాగుంది, కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తోంది, అయినా తిరగట్లేదు. మాకు వచ్చే ఫోన్లలో ఇదే ఎక్కువ. మీటర్ దాదాపు కరెంటే లాగదు కాబట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా దానికి 12 చూపిస్తుంది. అందుకే 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి టూల్‌బాక్స్‌లో పెట్టుకోండి. సర్వో వైర్ల స్థానంలో దాన్ని తగిలించి బటన్ నొక్కండి. దేదీప్యంగా వెలిగితే దారి బాగుంది. ఎర్రగా మినుకుమంటే ఎక్కడో చిలుము, లూజు కాంటాక్ట్, సరిగా క్రింప్ కాని (నొక్కి బిగించని) పిన్ను. చెరువు గట్ల మీద ఏరేటర్ ప్యానెళ్లకూ మా కుర్రాళ్లు చేసేది ఇదే పరీక్ష.

ఆ లూజు ఎక్కడుంటుందంటే, ముందుగా ఎలివేటర్‌లోకి వైరు వెళ్లే చోట చూడండి. స్టిక్ కదిలిన ప్రతిసారీ అక్కడ వైరు వంగుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే సోల్డరింగ్ చేసి అతుకు వేస్తారు. సోల్డరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, గట్టి భాగం ముగిసే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనబడదు. ఎలివేటర్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ బల్బు చూస్తే దొరికిపోతుంది.

రేడియోలో మాట్లాడినప్పుడు ట్రిమ్ సూచిక గెంతుతోందని బెంగళూరు నుంచి ఇద్దరు అడిగారు. పొజిషన్ చూపే మూడు సన్న వైర్లు యాంటెన్నా కేబుల్‌తో కలిసి ఒకే కట్టలో ఉన్నాయేమో చూడండి. ముందు వాటిని విడదీయండి, యాంటెన్నా కేబుల్ షీల్డ్ రెండు చివర్లా సరిగా బిగిసిందో లేదో చూడండి. సూచిక ఒక్కటే గెంతితే చిరాకు మాత్రమే. ట్రిమ్ కూడా కదులుతుంటే అది తేలేదాకా ఎగరవద్దు.

మీ కొత్త ప్యానెల్ డ్రాయింగులు చూసేటప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. రిలే కాంటాక్ట్ అతుక్కుపోతే బటన్ వదిలినా ట్రిమ్ ఆగదు. "ఫ్యూజ్ ఉంది కదండీ" అంటారు. ఆ సమయంలో మోటారు లాగేది మామూలు కరెంటే, ఫ్యూజ్ ఎందుకు పోతుంది? చేత్తో లాగగలిగే బ్రేకరో, కళ్లు తిప్పకుండా అందే స్విచ్చో ట్రిమ్‌కు విడిగా ఉండాలి. ట్రిమ్ పరుగెత్తితే స్టిక్ గట్టిగా పట్టుకుని, అది లాగి, వేగం తగ్గించాలి. వేగం తగ్గేకొద్దీ చేతి మీద బరువూ తగ్గుతుంది. ఆ స్విచ్ లేని డ్రాయింగుకు ఇకపై మేము హార్నెస్ (కనెక్టర్లతో సహా వైర్ల కట్ట) చేయము. ఈ మాట మీద ఒకరిద్దరు ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు. అయినా సరే.

ధరల సంగతి. హార్నెస్ రేటు పెరిగింది. పూర్తిగా తగరం పూత రాగి, టెఫ్‌జెల్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) తొడుగు ఉన్న వైరుకే మారిపోయాం, బజారు పీవీసీ వైరు ఎంత అడిగినా వాడము. పీవీసీ కాలితే వచ్చే పొగ మూసిన కాక్‌పిట్‌లో ఊపిరి ఆడనివ్వదు. పైగా మా ఉప్పు గాలిలో పూత లేని రాగి ఏమవుతుందో రోజూ చూస్తున్నాం. తొడుగు ఒలిచేకొద్దీ లోపల జానెడు దూరం నల్లగానే ఉంటుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే. వైరు రావడం ఆలస్యమై మీ పార్సిళ్లూ ఆలస్యమవుతున్నాయి, ఎవరిది ఎప్పుడు వెళుతుందో విడిగా ఫోన్ చేసి చెబుతాను.

సర్వో గేర్లు విప్పే పని మానేశాం. అవి తయారుచేసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. సెస్నా 172 లాంటి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉన్న ఫ్యాక్టరీ విమానాలకు మా బోర్డులు ఇవ్వము, దయచేసి అడగవద్దు. అక్కడ ఆమోదం ఉన్న విడిభాగమే వేయాలి.

ఫోన్ చేసేటప్పుడు ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి: ఏ బటన్‌కు ఏమవుతోంది, వైర్లు మార్చితే ఏమైంది, బల్బు ఎలా వెలిగింది. సాయంత్రం ఆరు తర్వాత చేస్తే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, పగలు నేను చెరువుల మీద ఉంటాను. సంక్రాంతి మూడు రోజులూ షాపు ఉండదు.