ఏ మాటకు ఏ సాక్ష్యం?

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో కొన్ని వారాలుగా బైబిలు మీద నడుస్తున్న లేఖల వాదం చదువుతున్నాను. బైబిలులోని ప్రతి మాటా తవ్వకాల్లో రుజువైందని ఒకరు రాశారు. అదంతా ఒక రోమన్ చక్రవర్తి సభ పెట్టి రాయించిన కట్టుకథ అని మరొకరు తేల్చేశారు. ఇద్దరి ధీమా చూస్తే ముచ్చటేసింది. ఏ రాతప్రతి, ఏ శాసనం, ఏ శతాబ్దం అన్న ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

నేను ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. 1890 ప్రాంతంలో రష్యా నుంచి నల్గొండకు వచ్చిన మెన్నోనైట్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) మిషనరీల కాలం నుంచీ మా కుటుంబం సంఘంలోనే ఉంది. కాబట్టి ఈ మాటలు బయట నిలబడి రాళ్లు వేసేవాడివి కావు.

మన జిల్లాతోనే మొదలుపెడతాను. అక్కెనపల్లిలో ఒకప్పుడు వెయ్యికి మించిన రోమన్ వెండి నాణేల నిధి బయటపడింది. వాటి మీద ఉన్నవి అగస్టస్, తిబెరి చక్రవర్తుల బొమ్మలు. మన తెలుగు బైబిలులో దేనారమని ఉండేది ఈ రకం నాణెమే. కైసరుకు పన్ను కట్టవచ్చా అని అడిగినవారితో యేసు ఒక దేనారం తెప్పించి, దీని మీది బొమ్మ ఎవరిదని అడిగిన సంగతి మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఉంది. అప్పటి చక్రవర్తి తిబెరి. నల్గొండ జిల్లా మట్టిలో దొరికిన నాణెం యేసు కాలపు నాణెమే కావడం చరిత్ర చెప్పేవాడికి పండగే. అయితే దానివల్ల రుజువైంది ఎంత? తిబెరి అనే రాజు ఉన్నాడు, అతని బొమ్మతో వెండి చెలామణి అయింది, వర్తకుల చేతుల మీదుగా మన దాకా వచ్చింది. ఆ కథ చెప్పినవారికి ఆ కాలపు డబ్బు సంగతి తెలుసునని కూడా అనుకోవచ్చు. అక్కడితో సరి. ఆ ప్రశ్న, ఆ జవాబు నిజంగా జరిగాయో లేదో నాణెం చెప్పలేదు. వాటిని వేరే దారిలో తేల్చుకోవాలి.

మొదటి లేఖకుడు చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. 1961లో, ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో, యేసుకు మరణశిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు పేరున్న రాయి దొరికింది కాబట్టి సువార్తలన్నీ నిజమని ఆయన వాదన. రాయి నిజమే, పిలాతూ నిజమే. అయితే ఆ రాయికి ఎంతో ముందు నుంచే యూదు చరిత్రకారుడు జోసీఫస్, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాతల వల్ల పిలాతు చరిత్రకారులకు తెలుసు. రాయి దొరికేదాకా అతడు లేడనుకున్నారని వేదికల మీద చెప్పడం చప్పట్ల కోసమే. బైబిలులో యెహోషువ అనే నాయకుడి కాలంలో సూర్యుడు ఆగాడని చెప్పిన రోజును నాసా కంప్యూటర్లు లెక్క కట్టి పట్టుకున్నాయన్న కథ ఇంకా ఘోరం. అది ఏనాడో అబద్ధమని తేలింది. అయినా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. సత్యాన్ని నిలబెట్టడానికి అబద్ధం సాయం కావలసి వచ్చిందంటే వినేవాడికి అనుమానం రాదా?

రెండో లేఖకుడు 325 నాటి నీకయ సభలో ఓట్లు వేసి బైబిలు పుస్తకాలను ఎంచారని రాశారు. ఆ సభ కూర్చున్నది ప్రధానంగా క్రీస్తు దైవత్వం మీద రేగిన వివాదం తేల్చడానికి. ఏ పుస్తకాలు బైబిలులో ఉండాలన్నది అక్కడ నిర్ణయించలేదు. ఇప్పుడున్న 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితా అదే రూపంలో మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ తన సంఘాలకు రాసిన పండుగ లేఖలో. సువార్తలు అంతకు చాలా ముందే చేతులు మారుతున్నాయి. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఈజిప్టు నుంచి వచ్చిన, అరచేతిలో పట్టే పాపిరస్ (రెల్లు కాగితం) ముక్క ఒకటుంది. దాని మీద ఉన్నవి యోహాను పద్దెనిమిదో అధ్యాయంలో పిలాతు ఎదుట విచారణ జరిగే పంక్తులు. ఎక్కువమంది పండితులు దాన్ని రెండో శతాబ్దానిదిగా లెక్కగడతారు. నీకయ సభ వారు పుట్టకముందే ఆ పంక్తులు ఈజిప్టులో చదువుతున్నారన్నమాట.

ఒకే రచయిత ఒకచోట సరిగ్గా, మరోచోట చిక్కుగా ఉండవచ్చు. లూకానే చూడండి. పౌలును కొరింథులో గల్లియోను అనే అధిపతి ముందుకు లాక్కుపోయారని, లూకాయే రాశాడని చెప్పే అపొస్తలుల కార్యాల్లో ఉంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల గల్లియోను కొరింథు ప్రాంతంలో అధికారంలో ఉన్నది సుమారు 51, 52 సంవత్సరాల్లో అని తెలిసింది. కథలోని అధికారి, ఊరు, కాలం సరిపోయాయి. అదే లూకా యేసు జననాన్ని కురేనియ సిరియాను ఏలినప్పటి జనాభా లెక్కలతో ముడిపెట్టాడు. జోసీఫస్ ప్రకారం ఆ లెక్కలు క్రీస్తు శకం 6లో జరిగాయి. యూదయ రాజు హేరోదు చనిపోయింది క్రీస్తు పూర్వం 4లో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. యేసు హేరోదు రోజుల్లో పుట్టాడని మత్తయి చెబుతున్నాడు. మధ్యలో దాదాపు పదేళ్ల తేడా. సర్దిచెప్పేవారు చాలామంది ఉన్నారు, నాకు మాత్రం ఒక్క సర్దుబాటూ నచ్చలేదు. అలాగని గల్లియోను శాసనం అబద్ధం కాదు కదా. సాక్షి ఒకచోట తడబడితే అతని వాంగ్మూలం మొత్తం చెత్తబుట్టలో వేయరు, ప్రతి మాటనూ విడిగా తూస్తారు.

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనేవారి కోసం ఒక సంగతి. జిల్లాలో స్వస్థత కూటాల కరపత్రాల మీద తరచుగా కనిపించే వచనం మార్కు పదహారో అధ్యాయంలోది. విశ్వాసులు రోగుల మీద చేతులుంచితే వారు బాగవుతారని అందులో ఉంది. అదే వచనంలో పాములను ఎత్తిపట్టుకుంటారు, విషం తాగినా హాని కలగదు అని కూడా ఉంది. ఆ ముక్క ఎవరూ అచ్చువేయరు, ఎందుకో వారికే తెలియాలి.

ఆ అధ్యాయం తొమ్మిదో వచనం నుంచి చివరిదాకా మనకు దొరికిన పూర్తి బైబిలు ప్రతుల్లో పాతవైన రెండింటిలో, అంటే నాలుగో శతాబ్దపు సినాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ, లేదు. సినాయి ప్రతి పుటలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, ఫోనులోనే చూడవచ్చు. పుటకు నాలుగు నిలువు వరుసలు. స్త్రీలు యేసు సమాధి దగ్గర నుంచి భయంతో పారిపోయి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న మాటతో మార్కు ఆగిపోతుంది. కింద ఒక అలంకారపు గీత, ఆ తర్వాత ఖాళీ. తర్వాతి వరుసలో లూకా మొదలవుతుంది. నాకు గ్రీకు రాదు. అయినా పుస్తకం ఎక్కడ ముగిసిందో చూడటానికి గ్రీకు అక్కర్లేదు.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. రెండో శతాబ్దం చివరలోనే ఇరేనియస్ అనే బిషప్పు ఈ భాగంలోని ఒక వచనాన్ని మార్కుదిగానే ఉదహరించాడు. తర్వాతి కాలపు గ్రీకు ప్రతుల్లో చాలావాటిలో ఇది ఉంది. అంటే చాలా పాతదే, కానీ మార్కు రాసినదని చెప్పడం కష్టం. ఇక్కడే ఇంకో మాట కూడా తేలిపోతుంది. కొత్త నిబంధనకు 5,800 దాకా గ్రీకు రాతప్రతులున్నాయని గొప్పగా చెబుతారు. ఉన్నాయి. అయితే వాటిలో అధికభాగం తొమ్మిదో శతాబ్దం, ఆ తర్వాతివి. తలలు లెక్కపెడితే ఈ వచనాలు నెగ్గుతాయి, వయసు చూస్తే తగ్గుతాయి.

అలాంటి వచనాన్ని నమ్మి షుగరు మందులు మానేసినవారు మా వీధిలోనే ఉన్నారు. వారి పాట్లు చూసినవాడిగా ఇది పండితుల గొడవ అని నేను అనుకోలేను. మన ప్రాంతంలో సువార్త చెప్పిన ఆ మెన్నోనైట్ సంఘమే జడ్చర్లలో ఆసుపత్రి కట్టింది. ప్రార్థన చేసినవారే సూది కూడా వేశారు.

ప్రశ్నిస్తే విశ్వాసం పోతుందని పాస్టరు గార్లు కొందరు భయపడతారు. పౌలు బోధించిన సంగతులు నిజమో కాదో అని ప్రతిరోజూ లేఖనాలు వెదికి చూసుకున్న బెరయ ఊరి వారిని ఘనులన్నది అపొస్తలుల కార్యాల గ్రంథమే. పునరుత్థానం సంగతి ఏమిటని వెంటనే అడుగుతారని నాకు తెలుసు. పౌలు 50ల నడిమిలో కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, యేసు తిరిగి లేచి పలువురికి కనబడ్డాడని తనకు అందిన సాక్ష్యాన్ని రాశాడు. కాబట్టి ఆ నమ్మకం చాలా తొలినాటిదని చరిత్ర చెప్పగలదు. అది జరిగిందా అన్నది చరిత్ర పరికరాలకు అందదు. అక్కడ నేను విశ్వాసిగా మాట్లాడతాను, ఉపాధ్యాయుడిగా కాదు. క్రైస్తవ గ్రంథాన్నే ఎందుకు తూచాలి అనేవారికి నా జవాబు: అన్నింటినీ తూచండి, ఇదే తక్కెడలో.

సంపాదకులు గారూ, ఇక ముందు ఈ వాదంలో ఎవరు శాస్త్రం రుజువు చేసిందని రాసినా, కల్పితమని రాసినా, అది ఏ ప్రతిలో, ఏ శాసనంలో ఉందో ఒక్క వాక్యం జతచేయమని అడిగి ఆ తర్వాతే ప్రచురించండి. జిల్లాలోని సంఘ పెద్దలకూ ఒక విన్నపం. కూటాల కరపత్రాల మీద మార్కు పదహారో అధ్యాయం వచనం అచ్చువేసేవారు, డాక్టరు ఇచ్చిన మందులు మానవద్దన్న మాటను కూడా దాని కిందే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
నల్గొండ