అండమాన్‌కి అమావాస్యే మంచి ముహూర్తం

సంపాదకులకు,

సెలవులు దగ్గర పడుతుంటే చాలు, పత్రికల్లో అండమాన్ ప్యాకేజీల ప్రకటనలు బారులు తీరతాయి. అయిదు రాత్రులు, ఆరు పగళ్లు, సెల్యులార్ జైలు, హేవ్‌లాక్, నీల్ దీవులు, స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం), గాజు అడుగు పడవ. ఆ ప్రకటనల్లో ఉండనిది ఒక్కటే: ఆ వారంలో సముద్రం ఏ పూట పోటు మీద (నీళ్లు పైకెక్కి) ఉంటుంది, ఏ పూట పాటు మీద (నీళ్లు దిగి) ఉంటుంది అన్నది. ఆ ఒక్కటీ చూసుకోకపోతే ఎంత ఖర్చు పెట్టినా సగం దీవి కంటికి కనపడదు.

మీరు రోజూ అచ్చు వేసే పంచాంగం చూసుకున్నా సగం పని అయిపోతుంది. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి నీటిని లాగుతారు. అందుకే పోటు బాగా ఎత్తుకు వస్తుంది, పాటు బాగా లోపలికి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, నోట మాత్రం పాత పేరే నలుగుతోంది) దగ్గర ఆ రోజుల్లో రెంటికీ తేడా దాదాపు రెండు మీటర్లు. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా పడిపోతుంది. అన్నిటికంటే పెద్ద పాటు సరిగ్గా తిథి నాడు కాక ఒకటి రెండు రోజులు వెనకగా వస్తుంది. పోటుపాట్ల వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు జరుగుతూ పోతుంది.

నీల్ దీవిలో ఈ లెక్క ఎలా పనికొస్తుందో చూడండి. లక్ష్మణ్‌పుర్ రెండో బీచ్‌లో రాళ్లే తోరణంలా నిలిచిన సహజ వంతెన ఉంది. పోటు వేళ దాని కాళ్లు నీళ్లలో ఉంటాయి, దగ్గరికి దారే ఉండదు. అమావాస్య దాటిన పాడ్యమి, విదియల్లో ఇంచుమించు ఉదయం పది గంటలకు పోటు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో పాటు ఉంటాయి. అలాంటి రోజున పొద్దున్నే భరత్‌పుర్ బీచ్‌లో స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీటి పైపైనే ఈదుతూ అడుగు చూడటం), మధ్యాహ్నం మూడింటికి వంతెన, అక్కడి నుంచి లక్ష్మణ్‌పుర్ మొదటి బీచ్‌లో సూర్యాస్తమయం. ఒక్క రోజులో మూడూ అమరుతాయి. అదే అష్టమి నాడు వెళ్తే వేళలు తిరగబడతాయి: పొద్దున పాటు, మధ్యాహ్నం పోటు. అప్పుడు భరత్‌పుర్‌లో పగడాల మీద మోకాటి లోతు నీళ్లే ఉంటాయి. ఈదబోయి కాళ్లు ఆనించినవాళ్లు పగడాలను విరగ్గొడతారు, తామూ కోసుకుంటారు. పగడం గీత చిన్నదైనా త్వరగా చీము పడుతుంది. మంచినీళ్లతో బాగా కడిగి, లోపల ముక్కలేమైనా మిగిలాయేమో చూసి మందు రాయాలి.

వంతెన దగ్గర రాళ్ల మీద నాచు ఉంటుంది. హవాయి చెప్పులతో వెళ్తే జారడం ఖాయం; వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. పాటు పూర్తిగా దిగడానికి గంట ముందే చేరి, నీళ్లు తిరిగేలోపు వెనక్కి రావాలి. రాతి గుంటల్లో సముద్రపు దోసకాయలు, చిన్న పీతలు, రంగు చేపలు ఉంటాయి. గైడు వాటిని చేతిలోకి తీసి చూపిస్తానంటే వద్దనండి.

అమావాస్య వల్ల మరో లాభం ఉంది. హేవ్‌లాక్ మడ అడవుల్లో రాత్రిపూట కయాక్‌లో (సన్నని తెడ్డు పడవలో) వెళ్తే, తెడ్డు కదిలిన చోటల్లా నీళ్లు నీలంగా మెరుస్తాయి. నీటిలోని సూక్ష్మజీవులు కదలిక తగిలినప్పుడల్లా వెలుగుతాయి. వెన్నెల ఉంటే ఆ వెలుగు కనపడదు. బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా రాత్రి మొదటి జాము చీకటిగానే ఉంటుంది, అప్పుడే వెళ్లాలి. పున్నమికి బుక్ చేసిన టూరు వెన్నెల విహారమే అవుతుంది. అమావాస్య నాడు ప్రయాణం కట్టకూడదని మనవాళ్ల పట్టింపు. అంత పట్టింపు ఉన్నవాళ్లు బహుళ ఏకాదశికే విమానం ఎక్కితే సరి, అమావాస్యకు దీవిలోనే ఉంటారు.

ఏకాదశికి దిగితే మరో సౌకర్యం కూడా ఉంది. పెద్ద పాట్ల రోజుల్లో ప్రవాహం ఎక్కువై అడుగు మట్టి లేస్తుంది, నీరు కాస్త మసకబారుతుంది. అందుకని స్కూబా ద్వాదశి, త్రయోదశుల్లో చేసేసి, నీల్‌ను ఆ తర్వాత పెట్టుకోవాలి.

స్కూబా సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి దిగేవాళ్లు భయపడేది ఒకదానికి, ఇబ్బంది పడేది మరోదానికి. ఈత రాకపోయినా ఫరవాలేదు. శిక్షకుడు పక్కనే పట్టుకుని ఉంటాడు, లోతు పన్నెండు మీటర్లు దాటనివ్వరు. ఇబ్బంది చెవులతో వస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, అందులోనూ మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవికి ఎక్కువ తెలుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవడం అరమీటరు దిగగానే మొదలుపెట్టి, మీటరు మీటరుకూ చేయాలి. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే లాభం లేదు, అప్పటికి చెవి లోపలి గొట్టం ఒత్తిడికి మూసుకుపోయి ఉంటుంది. మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే ఆ రోజు మానుకోవాల్సిందే. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం ఉన్నవాళ్లు ఫారంలో దాచకూడదు. డబ్బు పోతుందని చాలామంది దాస్తారు. నీటిలో ఊపిరి బిగబట్టకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం. పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, దానికి దారి ఉండాలి.

మన మగవాళ్లకు ఇంకో చిక్కు: మీసం. మాస్కు రబ్బరు అంచు మీసం మీద ఆనితే నీళ్లు కారుతూనే ఉంటాయి. పట్టీ ఎంత బిగించినా ఆగదు, బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. ముక్కు కింద సన్నని గీతంత గొరిగించుకుంటే చాలు, మీసం మొత్తం తీసేయక్కర్లేదు.

స్కూబా చేశాక విమానం ఎక్కడానికి వ్యవధి ఉండాలి. ఒక్కసారే దిగితే 12 గంటలు చాలంటారు, 18 ఉంటే నిశ్చింత. ఒంట్లో కలిసిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే పైకెగిరితే బుడగలు కడుతుంది. పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం విమానం అని రాసి ఉన్న ప్యాకేజీని అక్కడే తిప్పికొట్టండి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే బస ఉండాలనడానికి ఇదొక్కటే కాదు కారణం. గాలి లేస్తే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మాత్రం ఆగదు.

ఫెర్రీలో కడుపు తిప్పేవాళ్లు పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చోవాలి; అక్కడ ఊపు తక్కువ. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర బయల్దేరే గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. మగతనిచ్చే మాత్ర వేసుకున్న రోజున స్కూబా వద్దు.

గడియారం మనదే అయినా అక్కడ పొద్దు మనది కాదు. డిసెంబరులో సాయంత్రం అయిదుకల్లా సూర్యుడు మునిగిపోతాడు. రాధానగర్ బీచ్ హేవ్‌లాక్ జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరం. మధ్యాహ్నం రెండు దాటాక పోర్ట్ బ్లెయిర్‌లో ఫెర్రీ ఎక్కినవాళ్లకు ఆ రోజు సూర్యాస్తమయం దక్కడం కష్టం. రాధానగర్ పడమటి ముఖం కాబట్టి అక్కడికి సాయంత్రం, తూర్పు ముఖం కాబట్టి కాలాపత్థర్ బీచ్‌కు తెల్లవారుజాము. మొసళ్ల హెచ్చరిక బోర్డు కనపడితే అది అలంకారానికి పెట్టింది కాదు, వాగులు సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగకండి.

ఇక తిండి. హేవ్‌లాక్ హోటళ్లలో చేపల్ని ఐసు మీద పేర్చి తూకానికి అమ్ముతారు. ధర వంద గ్రాములకా, కిలోకా, తల కలిపి తూస్తారా అన్నది వండకముందే అడగాలి. కళ్లు ఉబ్బి తేటగా, మొప్పలు ఎర్రగా, నొక్కితే కండ వెంటనే పైకి లేచేలా ఉంటే తాజాది. ట్యూనాను పూర్తిగా కాల్చమంటే పీచులా ఎండిపోతుంది, నడిమి గులాబీ రంగులో ఉండగా దించమనాలి. ఎండలో నిలవున్న ట్యూనా, కానగంతలతో మాత్రం జాగ్రత్త. వాటి కండలో హిస్టమిన్ పుడుతుంది, ఎంత వండినా అది పోదు. మొదటి ముద్దకే నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే కంచం పక్కన పెట్టేయండి. హేవ్‌లాక్, నీల్‌లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. బజారు హోటళ్లలో ఆవనూనెతో చేసిన చేపల కూర, అన్నం, పప్పు పెడతారు. రిసార్టు భోజనం కన్నా రుచి ఎక్కువ, ధర తక్కువ. మన పులుసు కావాలంటే పోర్ట్ బ్లెయిర్ రావాల్సిందే. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే.

తడి ఇసుక మీద తెల్లవారి, సాయంత్రం వేళల్లో కనీకనపడని ఇసుక దోమలు కుడతాయి, దురద రోజుల తరబడి ఉంటుంది. కాళ్లకు మందంగా కొబ్బరినూనె రాసుకుని, ఇసుక మీద నేరుగా కాక చాప మీద కూర్చోవాలి. స్నార్కెలింగ్‌లో కమిలేది వీపు. క్రీము కన్నా పొడుగు చేతుల చొక్కా నయం. పగడం ముక్క జేబులో వేసుకుంటే విమానాశ్రయంలో పట్టుకుంటారు, వన్యప్రాణి చట్టం కింద అది నేరం. బారాతాంగ్ దీవికి వెళ్లే దారిలో జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం మీదుగా వెళ్తూ ఫోటోలు తీయడమూ నేరమే.

మీకో విన్నపం. పోటుపాట్ల వేళలు, అలల ఎత్తు అంచనాలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, వారానికోసారి, వాతావరణం శీర్షిక కింద పోర్ట్ బ్లెయిర్ పోటుపాట్లకు నాలుగు వరసలు కేటాయించండి. మే మూడో వారం దాటితే నైరుతి వానలు అక్కడికి చేరతాయి కాబట్టి ఆ తర్వాత అక్కర్లేదు.

– ఒక పాఠకుడు, అబర్దీన్ బజార్, శ్రీ విజయపురం