మెడికల్స్‌కి వెళ్లే ముందు: తమ్ముడికి ఉత్తరం

మెల్‌బోర్న్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మా నాన్నా, మరదలు, బాబు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఆస్ట్రేలియా 190 వీసాకి (రాష్ట్రం నామినేట్ చేస్తే వచ్చే శాశ్వత వీసా) మెడికల్స్, అంటే ఆరోగ్య పరీక్షలు, చేయించుకోమని లేఖ వచ్చిందని అమ్మ చెప్పింది. కాలేజీ రోజుల్లో టీబీకి మందులు వాడిన సంగతి అక్కడ చెప్పాలా వద్దా అని నువ్వు మథనపడుతున్నావని కూడా చెప్పింది. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాం. అందుకే కూర్చుని రాస్తున్నాను. మరదలికి కూడా చదివి వినిపించు.

ముందు ఆ టీబీ సంగతే తేల్చుకుందాం. చెప్పాలిరా, కచ్చితంగా చెప్పాలి. ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది: ఎప్పుడైనా టీబీ వచ్చిందా, మందులు వాడారా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని. 'ఎప్పుడైనా' అంటే పుట్టినప్పటి నుంచి అని అర్థం, నిన్నా మొన్నా కాదు. నువ్వు దాచినా ఎక్స్‌రే దాచదు. మానిపోయిన టీబీ ఊపిరితిత్తి పైభాగంలో చాలాసార్లు మచ్చ వదిలి వెళ్తుంది. కాగితం మీద 'లేదు' అని ఉండి ఫిల్ములో మచ్చ కనబడితే అప్పుడు వచ్చే చిక్కు జబ్బుది కాదు, అబద్ధానిది. ఆస్ట్రేలియా వీసా నిబంధనల్లో 4020 అని ఒకటుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఈ వీసా తిరస్కరించడమే కాకుండా మూడేళ్ల పాటు ఇంకో వీసాకి కూడా అడ్డం పడుతుంది. వైద్యాధికారికి ఇచ్చిన సమాచారం కూడా దాని కిందికే వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లడం అంటే ఇదే.

చెప్తే ఏమవుతుందో కూడా విను. మచ్చ పాతదో కొత్తదో ఒక్క ఫిల్ము చూసి తేల్చడం కష్టం. తేల్చేది పాత ఫిల్ము. అప్పటి ఎక్స్‌రేనీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మచ్చ అంతే ఉందంటే డాక్టరు పని చాలా తేలికవుతుంది. కాబట్టి బీరువాలో ఉన్న పాత కవర్లన్నీ తీయించు. మందులు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఏయే మందులు ఎంతెంత మోతాదులో వాడావు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబుటాల్ అనే పేర్లు కాగితాల్లో ఉంటాయి), మొదట్లో, చివర్లో చేసిన కళ్లె పరీక్షల రిపోర్టులు, ట్రీట్‌మెంట్ కార్డు, ఇవన్నీ కావాలి. కార్డు పోయి ఉంటే వైద్యం చేసిన చోటికి వెళ్లి రికార్డు చూసి రాసిన ఉత్తరం అడుగు. దానికి రోజులు పడతాయి కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఆ పని చూసుకో.

ఇవన్నీ ఇచ్చినా నిన్ను కళ్లె పరీక్షకి పంపే అవకాశం ఎక్కువ. అది రేపు మాపు తేలేది కాదు, మానసికంగా సిద్ధపడు. వరసగా మూడు రోజులు, పొద్దున్నే, సిబ్బంది చూస్తుండగా కళ్లె ఇవ్వాలి. ముందు స్లైడు మీద చూస్తారు, ఆ తర్వాత బాక్టీరియా పెరుగుతుందేమో చూడడానికి కల్చర్‌కి పెడతారు. ఆ కల్చర్ పూర్తిగా తేలేసరికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. ల్యాబు వాళ్ల బద్ధకం కాదు అది. మామూలు బాక్టీరియా అరగంటలోపే ఒకటి రెండవుతుంది. టీబీ బాక్టీరియాకి అదే పనికి దాదాపు ఒక రోజు పడుతుంది. అది పెరగలేదు అని నమ్మకంగా చెప్పాలంటే అన్నాళ్లూ చూడాల్సిందే.

కళ్లె ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. లేచాక ఏమీ తినకుండా, మామూలు నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, పొట్ట బిగించి అడుగు నుంచి దగ్గాలి. చిక్కగా, జిగటగా వచ్చేదే కళ్లె. పల్చగా నురగలా వచ్చేది ఉమ్మి. ఉమ్మి ఇస్తే మళ్లీ రమ్మంటారు. ఒక టీస్పూనుడు, అంటే 5 మిల్లీలీటర్లు ఉంటే మంచిది. దగ్గు రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి రప్పిస్తారు, భయపడకు. ఇంకో ముఖ్యమైన మాట: ఈ లోపు జలుబో దగ్గో వచ్చిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగకు. లివోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ మీద కూడా పనిచేసి పరీక్షని తప్పుదోవ పట్టిస్తాయి. డాక్టరు రాసిస్తే మాత్రం వాడు, కానీ ఏం వాడావో అక్కడ చెప్పు.

మూడు కల్చర్లూ శుభ్రంగా వస్తే సాధారణంగా 815 అనే ఫారం మీద సంతకం అడుగుతారు. ఇక్కడికి వచ్చాక ఆరోగ్య శాఖ పరీక్షలకి వస్తానని ఇచ్చే మాట అది. దిగిన 28 రోజుల్లోపు వాళ్లని సంప్రదించాలి. వీసాకి అది అడ్డు కాదు. ఒకవేళ జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందని తేలినా దారి మూసుకుపోదు. మందులు పూర్తి చేసి, మళ్లీ పరీక్షలు అయ్యేదాకా ఫైలు ఆగుతుంది, అంతే. ఆ వైద్యం నీ ఒంటికి కూడా అవసరమే కదా.

ఇక అక్కడి వరస. ఇమ్మిఅకౌంట్‌లో (వీసా దరఖాస్తు పెట్టిన ఆన్‌లైన్ ఖాతా) ఒక్కొక్కరికీ ఒక హాప్ ఐడీ, అంటే ఆరోగ్య పరీక్షల గుర్తింపు నంబరు, వస్తుంది. దానితో రెఫరల్ లెటర్ ప్రింటు తీసుకుని, ఆస్ట్రేలియా ప్రభుత్వం గుర్తించిన ప్యానెల్ క్లినిక్‌లోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మన ఫ్యామిలీ డాక్టరు ఎంత గొప్పవాడైనా ఈ పరీక్ష చేయడానికి వీల్లేదు. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లు, జిరాక్సు పనికిరాదు. లెటర్‌లో ఉన్న పాస్‌పోర్టు నంబరూ చేతిలో ఉన్న పాస్‌పోర్టు నంబరూ ఒకటేనా అని ముందురోజే చూసుకో. మధ్యలో పాస్‌పోర్టు రెన్యువల్ చేయించి ఉంటే ముందు అకౌంట్‌లో మార్చాలి. ఫొటో అక్కడే తీస్తారు. రక్తం తీసేచోటా ఎక్స్‌రే దగ్గరా మళ్లీ మళ్లీ గుర్తింపు సరిచూస్తారు. ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకి రాకుండా ఆ జాగ్రత్త.

మీకు వచ్చే పరీక్షల పేర్లు లెటర్‌లో అంకెలతో ఉంటాయి: 501 వైద్య పరీక్ష, 502 ఛాతీ ఎక్స్‌రే, 707 హెచ్‌ఐవీ రక్తపరీక్ష. ఎక్స్‌రే 11 ఏళ్లు నిండినవాళ్లకి, హెచ్‌ఐవీ 15 నిండినవాళ్లకి, మూత్ర పరీక్ష 5 నిండినవాళ్లకి. మరదలు నర్సుగా పనిచేయబోతోంది కాబట్టి ఆమెకి హెపటైటిస్ బీ, సీ కూడా ఉంటాయి. లెటర్‌లో అవి లేకపోతే ఉద్యోగం వివరాలు సరిగా నింపారో లేదో చూడండి. తర్వాత గుర్తొస్తే ఇంకోసారి సూది పొడిపించుకోవాలి.

మూత్ర పరీక్షని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మళ్లీ రమ్మని పిలుపు రావడానికి అదీ ఒక పెద్ద కారణమే. నెలసరి రోజుల్లో ఇస్తే రక్తం కనబడుతుంది. కాబట్టి మరదలి తేదీలు చూసుకుని, అయిపోయాక కొన్ని రోజులు ఆగి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ముందురోజు జిమ్ములో విరగబడి బరువులెత్తినా, జ్వరంగా ఉన్నా ప్రొటీన్ పోతుంది. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. రక్తమో ప్రొటీనో కనబడితే మళ్లీ చేస్తారు. అప్పటికీ ఉంటే కిడ్నీల కోసం సీరం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అడుగుతారు. పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఆ రోజు కూడా వేసుకోవాలి. మాత్ర లేకుండా చూపిద్దామనే ప్రయోగాలు వద్దు. మూత్రం ముందు ఇచ్చేసి బీపీకి కూర్చోవడం మేలు. నిండిన బ్లాడర్‌తోనూ, చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టినా, మాట్లాడుతున్నా బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ వస్తే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు.

ఎక్స్‌రే దగ్గర గొలుసులు, మెటల్ హుక్కులున్న లోదుస్తులు తీసేసి గౌను వేసుకోవాలి. మరదలు జడ వేసుకుని వెళ్తే దాన్ని నెత్తి మీదకి ముడి వేసుకోమను. భుజం మీద పడిన జడ నీడ ఊపిరితిత్తి పైకొసన మచ్చలా కనబడగలదు, టీబీ కోసం వాళ్లు వెతికేది సరిగ్గా అక్కడే. గెడ్డం పైకెత్తి, భుజాలు పలకకి ఆనేలా ముందుకి తోసి, గుండెల నిండా ఊపిరి పీల్చి బిగబట్టమంటారు. సగం పీల్చి నిలబడితే ఫిల్ము మసకగా వస్తుంది. కడుపుతో ఉన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎక్స్‌రే తీసేవాళ్లకి ముందే చెప్పాలి. ప్రసవం దాకా ఎక్స్‌రే వాయిదా వేసుకోవచ్చు, కాకపోతే అప్పటిదాకా వీసా కూడా ఆగుతుంది.

బాబుకి నాలుగేళ్లు కాబట్టి ఎక్స్‌రే ఉండదు. కానీ టీబీ ఎక్కువగా ఉన్న దేశాల్లో మన దేశం ఉంది గనుక 2 నుంచి 10 ఏళ్ల పిల్లలకి టీబీ స్క్రీనింగ్ ఉంటుంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష గానీ, చేతి మీద సూదితో వేసే మాంటూ పరీక్ష గానీ చేస్తారు. మాంటూ అయితే 48 నుంచి 72 గంటల్లోపు మళ్లీ వెళ్లి చూపించాలి. ఆదివారం అడ్డం రాకుండా రోజు ఎంచుకో. పుట్టినప్పుడు వేయించిన బీసీజీ (టీబీ టీకా) వల్ల మాంటూలో వాపు రావచ్చు, ఇగ్రా మీద ఆ ప్రభావం ఉండదు. అవకాశం ఉంటే ఇగ్రానే అడుగు. ఇంకొకటి: ఎంఎంఆర్ లాంటి లైవ్ టీకా (బలహీనపరచిన బతికున్న క్రిమితో చేసేది) వేయిస్తే ఈ పరీక్షలు అదే రోజు చేయించాలి, లేదంటే నాలుగు వారాలైనా ఆగాలి. మధ్యలో చేస్తే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు. బాబు టీకాల కార్డు చూసుకుని తేదీ పెట్టుకో.

తర్వాత డాక్టరు గది. ఎత్తు, బరువు, చూపు (కళ్లద్దాలు తప్పకుండా తీసుకెళ్లాలి), గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, గ్రంథులు, కాళ్లూ చేతులూ, నడక చూస్తారు. మరదలు పక్కన ఆడమనిషి ఉండాలని అడగొచ్చు, అది ఆమె హక్కు. పాత ఆపరేషన్లుంటే డిశ్చార్జి సమ్మరీ, రోజూ వాడే మందులుంటే కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరూ మోతాదూ రాసిన చీటీ ఇవ్వాలి. 'షుగరు కంట్రోల్‌లోనే ఉంది' అన్న మాట అక్కడ లెక్కలోకి రాదు. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) రిపోర్టే లెక్కలోకి వస్తుంది.

ఆ డాక్టరు మిమ్మల్ని పాసో ఫెయిలో చేయడని గుర్తుంచుకో. చూసింది రాసి, చెప్పుకోదగ్గది లేకపోతే ఏ అని, ఉంటే బీ అని పెట్టి ఈమెడికల్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పంపిస్తాడు. బీ వచ్చినవి కామన్వెల్త్ (ఆస్ట్రేలియా ప్రభుత్వ) వైద్యాధికారి దగ్గరికి వెళ్తాయి, తేల్చేది ఆయన. ఆయన నిన్ను చూడడు, నీ కాగితాలనే చూస్తాడు. ఫైలులో లేని రిపోర్టు ఆయనకి లేనట్టే. అందుకే ఇందాకటి నుంచి కాగితాలు కాగితాలు అని పోరుతున్నాను. నీది బీ అవుతుందనే అనుకుని ఉండు. బీ అంటే తిరస్కారం అని వాళ్లూ వీళ్లూ చెప్పేది నమ్మకు.

జబ్బు పేరు చూసి మాత్రమే కాదు, దాని వైద్యానికి అక్కడి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు చూసి కూడా నిర్ణయం ఉంటుంది. 2024 జూలైలో ఆ ఖర్చుకి పెట్టిన హద్దు 86,000 ఆస్ట్రేలియా డాలర్లు. శాశ్వత వీసాకి మామూలుగా ఐదేళ్ల ఖర్చు లెక్కిస్తారు. జీవితాంతం ఉండే జబ్బయితే గరిష్ఠంగా పదేళ్లది. అదుపులో ఉన్న బీపీ, మాత్రలతో సరిపోయే షుగరు మామూలుగా ఆ దరిదాపులకి కూడా రావు. కిడ్నీ డయాలసిస్ లాంటివి ఆ హద్దు దాటుతాయి. భార్యాభర్తల వీసాల్లో దీనికి మినహాయింపు అడిగే వీలుంది, మీ 190లో లేదు. పైగా కుటుంబంలో ఒక్కరికి ఆరోగ్య నిబంధన కుదరకపోతే అందరి దరఖాస్తూ పోతుంది. ఇది నాకు మనసొప్పని నిబంధన, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

పిన్ని కొడుకు అమెరికా ఇమిగ్రెంట్ వీసాకి వెళ్తున్నాడట. ఈ ఉత్తరం చూపించి ఇవే రూల్స్ అని చెప్పకు. అక్కడ టీకాల చిట్టా చట్టప్రకారం కావాలి, ఎక్స్‌రే 15 ఏళ్ల నుంచి, హెచ్‌ఐవీ పరీక్ష 2010లోనే తీసేశారు. కెనడాలో 15 దాటినవాళ్లకి హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ కూడా చూస్తారు. ఒకరి లెటర్ ఇంకొకరికి పనికిరాదు.

లెటర్‌లో 28 రోజుల గడువు ఉండి ఉంటుంది. కళ్లె పరీక్షకి ఎనిమిది వారాలు కావాలి కాబట్టి అది దాటుతుంది. క్లినిక్ నుంచి తేదీలున్న కాగితం తీసుకుని, గడువు లోపలే అకౌంట్‌లో అప్‌లోడ్ చేసి విషయం రాసెయ్. ఆ తర్వాత 'హెల్త్ క్లియరెన్స్ ప్రొవైడెడ్' అని కనబడేదాకా ఆగాలి. అది కనబడినా వీసా వచ్చినట్టు కాదు. వీసా చేతికొచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయకు, ఇల్లు ఖాళీ చేయకు. మెడికల్స్ సాధారణంగా 12 నెలలు చెల్లుతాయి.

ఈ వారంలో పాత ఎక్స్‌రేలు వెతుకు. దొరికితే వెలుతురున్న కిటికీకి ఆనించి ఫొటో తీసి, మీ ముగ్గురి రెఫరల్ లెటర్లతో కలిపి నాకు పంపించు. అపాయింట్‌మెంట్‌కి ముందు ఒకసారి చూసి ఏవి తక్కువున్నాయో చెప్తాను. అమ్మకీ నాన్నకీ నమస్కారాలు, బాబుకి ముద్దులు.

ఆశీస్సులతో,
అక్క