ఏకాంత చిత్రాల రీటచింగ్‌లో చివరి మాట మీదే: మా స్టూడియో పద్ధతిలో కొన్ని మార్పులు

విజయనగరంలోని మా స్టూడియోలో బుడ్వార్ ఫొటోలు, అంటే పడకగది అలంకరణ నడుమ తమ కోసం తాము తీయించుకునే ఏకాంత చిత్రాలు తీయించుకుని, అవి రీటచింగ్ (కంప్యూటర్‌లో మెరుగులు దిద్దే పని) పూర్తయి చేతికి రావడానికి ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లకు, త్వరలో తీయించుకోవాలనుకుంటున్నవారికి ఈ విషయాలు తెలియజేస్తున్నాను. మీలో చాలామంది ఈమధ్య రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. పెళ్లి ఫొటోల మాదిరిగానే వీటినీ వాట్సాప్‌లో పంపితే ఇంట్లోనే చూసి సరేననేస్తాం కదా, మళ్లీ స్టూడియోకు రమ్మనడం ఎందుకన్నది మొదటిది. ఫొటోలు తీయడం ఒక్క పూటలో అయిపోయినప్పుడు ఆల్బమ్‌కు ఇన్ని వారాలు ఎందుకు పడుతోందన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే కాబట్టి, ఈ నెల బుకింగులతో మొదలయ్యే మార్పులను చెబుతూ వాటికి జవాబిస్తాను.

మా దగ్గర ఎంపిక ముందు జరుగుతుంది, రీటచింగ్ తర్వాత మొదలవుతుంది. రా ఫైళ్లలో, అంటే కెమెరా నుంచి ఉన్నదున్నట్టుగా వచ్చిన ఫైళ్లలో, వెలుతురు, రంగు మాత్రమే సరిచేసి, చర్మాన్ని ముట్టుకోకుండా మీ ముందు పెడతాం. వాటిలో మీరు ఎంచుకున్నవాటి మీదే పని చేస్తాం. ఒక్క ఫొటోకే పూట గడిచిపోయే సందర్భాలుంటాయి కనుక అన్నింటినీ రీటచ్ చేసి చూపడం మాకు సాధ్యం కాదు. అంతకన్నా ముఖ్యంగా, మార్చని ముఖాన్ని, మార్చని ఒంటిని మీరు ఒకసారి నిదానంగా చూసుకున్నాకే ఏది మార్చాలో సరిగా చెప్పగలరని నా నమ్మకం.

రీటచింగ్‌లో మేం పాటించే విభజన ఒక్కటే. మొటిమ, దోమకాటు, జాకెట్టు హుక్కు నొక్కుకున్న గుర్తు, లంగా బొందు నడుం మీద వేసిన గీత, ఇలాంటివి మర్నాటికో వారానికో పోయేవి కనుక అడగకుండానే తీసేస్తాం. పుట్టుమచ్చ, టీకా మచ్చ, పచ్చబొట్టు, కాన్పు చారలు, సిజేరియన్ కుట్ల గీత మీతో ఉండిపోయేవి. మీరు చెప్పనిదే వాటి జోలికి వెళ్లం. ఇంతవరకు ఈ సంగతి ఫారంలో ఒకే ప్రశ్నగా ఉండేది. ఇకపై ప్రతి ఫొటోకూ విడిగా అడుగుతాం. దీనికి కారణమైన ఒక కస్టమరు గురించి ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఇద్దరు బిడ్డల తల్లి అయిన ఆమె, కుట్ల గీతను అన్ని ఫొటోల్లోనూ తీసేయమని రాసిచ్చారు. మేం గీత ఉన్న ప్రతిని, లేని ప్రతిని పక్కపక్కన పెట్టి చూపించాం. కిటికీ వెలుతురు పక్కనుంచి పడుతున్న ఫొటోలో గీత పోయేసరికి పొట్ట మీది వెలుగునీడలు కూడా చదునైపోయి, ఆ ఒళ్లు తనది కానట్టుగా ఉందని ఆమే అన్నారు. ఆ ఫొటోలో గీతను ఉంచమన్నారు. పక్క ఫొటోలో, అక్కడ చూపు నేరుగా దాని మీదికే పోతోందని, తీసేయమన్నారు. రెండు నిర్ణయాలూ సరైనవే. ఫారంలో ఒక టిక్కు పెట్టించుకుని ఊరుకుని ఉంటే అవి రెండూ ఆమెకు దక్కేవి కావు.

రంగు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. కొంచెం తెల్లగా చేయండన్న మాట మేం తరచుగా వింటాం. నీడలో ఉన్న ముఖానికి వెలుతురు పెంచడం వేరు, చర్మం రంగునే మార్చడం వేరు. రంగు మారిస్తే పక్కనున్న బంగారం ఇత్తడిలా కనిపిస్తుంది, పసుపుతాడు పాలిపోతుంది. దాన్ని తప్పించడానికి నగలకు ఆ మార్పు తగలకుండా విడిగా మాస్క్ చేస్తే, అంటే కప్పి ఉంచితే, మెడకూ గొలుసుకూ మధ్య సన్నని అంచు తేలుతుంది. ముఖం ఒక రంగులో, పాదాలు మరో రంగులో మిగులుతాయి. అందుకే మీ సహజమైన రంగుతో ఉన్న ప్రతిని ముందుగా చూపించిన తర్వాతే, మీరింకా కోరితే, మార్పు చేస్తాం. మీ ఫొటో మీద అధికారం మీది. అయితే నా అభిప్రాయం అడిగితే మాత్రం వద్దనే చెబుతాను.

ఫొటోలో నడుమును లోపలికి నెట్టే లిక్విఫై అనే సాఫ్ట్‌వేర్ సాధనం విషయం వేరు. బట్ట ముడత వల్ల లేని ఉబ్బు కనిపిస్తే సరిచేస్తాం; ఒంటి తీరును మార్చే పని చేయం, ఎందుకంటే నడుముతో పాటు వెనకున్న మంచం కోడూ, చీర జరీ అంచూ వంగిపోతాయి. బట్టలంటే మరొక సంగతి. పొందూరు ఖద్దరు చీర కట్టుకుని తీయించుకున్నవారు ఇటీవల ఎక్కువయ్యారు, అది నాకు చాలా సంతోషం. ఆ చేనూలులో పోగుకూ పోగుకూ ఉండే సన్నం లావు తేడాయే దాని అందం. చర్మాన్ని నున్నగా చేయడానికి వాడిన స్మూతింగ్ బ్రష్ అంచు దాటి చీర మీదికి పాకితే అది మిల్లు బట్టయిపోతుంది. అందువల్ల చర్మపు రంగును ఒక పొరగా, రంధ్రాలూ నూగూ ఉండే పైతీరును మరో పొరగా విడదీసి పని చేస్తాం. ఆలస్యంలో పెద్ద వాటా ఈ పనిదే.

ఇక వాట్సాప్ సంగతి. మామూలుగా పంపిన ఫొటోను అది కుదించి పంపుతుంది; చర్మపు సన్నని తీరు ముందుగా పోయేది అక్కడే. ఆపై ఒకరి ఫోన్‌లో రాత్రి వేళ కళ్లకు శ్రమ తగ్గించే పసుపు తెర ఉంటుంది, మరొకరి ఫోన్ రంగులను ఎక్కువ చేసి చూపిస్తుంది. అలా చూసి చెప్పిన మార్పులు చేసి ప్రింట్ తీస్తే, ఆ ప్రింట్ ఎవరికీ నచ్చదు. మా మానిటర్‌ను కలరిమీటర్ అనే రంగులు కొలిచే పరికరంతో 6500 కెల్విన్ తెలుపుకు, అంటే పగటి వెలుతురు లాంటి తెలుపుకు, సరిచేసి, కాగితానికి దగ్గరగా ఉండేలా వెలుగు తగ్గించి ఉంచుతాం. ముందు ఫొటో మొత్తాన్ని చూడండి, ఆ తర్వాత అనుమానమున్న చోటనే పెద్దది చేసి చూడండి. 12 బై 18 అంగుళాల పేజీకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600 బై 5400 పిక్సెళ్లు కావాలి. వాటిని ఒక్కొక్కటిగా తెర మీద చూస్తే ఎవరి ముఖంలోనైనా లోపమే కనిపిస్తుంది, కాని ఆల్బమ్‌ను అంత దగ్గర నుంచి ఎవరూ చూడరు. చివరగా చిన్న ప్రింట్ తీసి మీ చేతికిస్తాం. కాగితం తెరలా తనంతట తాను వెలగదు కనుక నీడలు కాస్త ముదురుగా వస్తాయి. సరేనని చెప్పాల్సింది దాన్ని చూసే.

మొదటి చూపులోనే ఖరారు చేయించుకోవడం మానేస్తున్నాం. మొదటిసారి చూసినప్పుడు కన్ను నచ్చనివాటినే వెతుకుతుంది. విజయనగరంవారు మర్నాడు మళ్లీ వచ్చి చూడవచ్చు. పలాస, పార్వతీపురం, శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి రెండు ప్రయాణాలు భారమని తెలుసు కనుక ఉదయం ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి చూసేలా రోజంతా మీకే కేటాయిస్తాం. ల్యాప్‌టాప్ పట్టుకుని శ్రీకాకుళం రావచ్చు కదా అని కొందరు సూచించారు. ఈ ఫొటోలున్న డిస్కు స్టూడియో గడప దాటకూడదన్నది నా నియమం కనుక ఆ పని చేయలేను.

మీతో అక్క, వదిన, స్నేహితురాలు, భర్త, ఎవరు వచ్చినా అభ్యంతరం లేదు. అయితే మొదటి విడత మీరొక్కరే కూర్చుని చూస్తారు. చివరి కాగితంపై సంతకం ఫొటోలో ఉన్న మనిషిదే ఉండాలి. పక్కవారు ఒక మాట అనగానే అంతవరకు ఇష్టపడిన ఫొటోను పక్కన పెట్టేసినవారిని నేను చూశాను, అందుకే ఈ పట్టుదల.

ఈ పనికి వాడే కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదు. రీటచింగ్ నేనూ, మా దగ్గర పనిచేసే ఒక అమ్మాయీ చేస్తాం. బయటి ఎడిటర్లకు పంపం. ఫొటోషాప్‌లో ఏఐతో చిత్రంలోని భాగాలను నింపే జనరేటివ్ ఫిల్ వంటివి వాడితే పని త్వరగా అవుతుంది గాని, అందుకు చిత్రం ఆ కంపెనీ సర్వర్లకు వెళ్లాలి కనుక వీటికి వాడం. ఆల్బమ్ ప్రింట్లు కూడా ల్యాబుకు పంపకుండా, 13 అంగుళాల వెడల్పు కాగితం పట్టే మా ఇంక్‌జెట్ ప్రింటర్ మీదే తీస్తాం. కాగితం, ఇంకు ఖర్చు ల్యాబు ధర కంటే ఎక్కువ కాబట్టి ఆల్బమ్ ధర పెరుగుతుంది. కొత్త ధర బుకింగ్ సమయంలోనే రాసిస్తాం.

మీ హక్కులూ తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి కోరి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. మా ఫారంలో దీనికి విరుద్ధంగా ఏమీ ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఇలాంటి చిత్రాలు తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, ఇతరులకు చేరవేయడానికి ఒప్పుకోనప్పుడు అలా చేరవేయడం నేరమని స్పష్టంగా చెబుతోంది. కనుక మా ప్రకటనల్లో మీ ఫొటో వాడుకోవచ్చా అన్న ప్రశ్న వేరే కాగితం మీద, ఆల్బమ్ అందిన తర్వాతే అడుగుతాం. వద్దంటే మళ్లీ అడగం.

ఫొటోలను పాస్‌వర్డ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం, పాస్‌వర్డ్ నోటితో చెబుతాం. మీకు అందిన 30 రోజుల తర్వాత మా దగ్గరున్న అన్ని ప్రతులనూ చెరిపేస్తాం. ఆపై పెన్‌డ్రైవ్ పోయినా, పాస్‌వర్డ్ మరచినా మేం ఏమీ చేయలేం కనుక, ఆ 30 రోజుల్లోపే ఒకసారి తెరిచి సరిచూసుకోండి.

రెండు విడతల మార్పులు ప్యాకేజీలోనే ఉంటాయి. మూడో విడత నుంచి రుసుము ఉంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యేవరకు కొత్త బుకింగులు తగ్గిస్తున్నాం, ముందుగా పెండింగులో ఉన్నవి పూర్తి కావాలి. పెళ్లిరోజుకో పుట్టినరోజుకో ఆల్బమ్ కావాలనుకునేవారు కనీసం రెండు నెలల ముందు రండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది. ఈ పద్ధతి కుదరదనుకుంటే, ఫొటోలు ఇంకా తీయకపోతే, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాం.